గాలివాటం కాదు: తెరచాప పడవ నిజంగా ఎలా నడుస్తుందో చేసి చూసి తెలుసుకుందాం

మే నెలలో మా అక్క కొడుకు కాకినాడ నుంచి సెలవులకు చెన్నై వచ్చాడు. ఓ సాయంత్రం మెరీనా ఇసుకలో కూర్చుని సుండల్ తింటుంటే, హార్బర్ వైపు దూరంగా చిన్న తెల్ల తెరచాప ఒకటి కనపడింది. వాడు తినడం ఆపి కాసేపు దాన్నే చూశాడు.

"పిన్నీ, గాలి సముద్రం మీంచి మన మొహానికి కొడుతోంది కదా. మరి ఆ పడవ సముద్రంలోకే పోతోందేంటి? లోపల మోటార్ ఉందా?"

మోటార్ లేదు. కానీ వాడు అడిగినది అసలైన ప్రశ్న. హార్బర్‌లో సెయిలింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టిన రోజుల్లో నాకూ ఇదే పెద్ద చిక్కుముడి. ఈ అపోహ మన మాటల్లోనే ఉంది. సొంత నిర్ణయం లేకుండా ఎటు వీలైతే అటు పోయే మనిషిని గాలివాటం మనిషి అంటాం. తెరచాప పడవ కూడా అలాంటిదే అనుకుంటాం. నిజానికి అది గాలిని, నీటిని రెండింటినీ పట్టుకుని తను వెళ్ళాల్సిన చోటికి వెళుతుంది. ఆ రెండో పట్టు మన కంటికి కనపడదు. అపోహలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

వారం రోజుల పాటు ఇంట్లో ఉన్న వస్తువులతోనే వాడికి ఒక్కొక్కటీ చూపించాను. అదే వరుసలో ఇక్కడ రాస్తున్నాను. చదువుతూ మీరూ చేసి చూడండి.

మొదటి అడుగు: గాలి వచ్చే దిక్కు పట్టుకోండి

గాలిని అది వచ్చే దిక్కుతో పిలుస్తాం, పోయే దిక్కుతో కాదు. ఈశాన్య రుతుపవనం ఈశాన్యం నుంచి వస్తుంది. పడమటి గాలి పడమర నుంచి వస్తుంది. అందరికీ తెలిసిన సంగతే. అయినా కాగితం మీద బాణం గీయమంటే చాలామంది తిరగేసి గీస్తారు. ఇక్కడ తప్పితే తర్వాతవన్నీ తప్పుతాయి.

ఇది నేర్చుకోవడానికి చెన్నై మంచి ఊరు. తీరం దాదాపు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది, సముద్రం తూర్పున ఉంటుంది. ఎండాకాలం పొద్దున పూట తరచుగా నేల మీంచి పడమటి గాలి వీస్తుంది. ఎండ ముదిరి నేల కాగాక వేడిగాలి పైకి లేస్తుంది, దాని చోటులోకి సముద్రం మీంచి చల్లగాలి వస్తుంది. ఆ వేళకు మేడ ఎక్కండి. కళ్ళు మూసుకుని, రెండు చెవుల్లోనూ గాలి చప్పుడు సమానంగా వినపడేదాకా తలను నెమ్మదిగా తిప్పండి. సమానమైనప్పుడు మీ ముక్కు ఎటు చూస్తుందో గాలి అటు నుంచే వస్తోంది. పడవలో ఉన్నప్పుడు నేను ఇప్పటికీ ఇదే చేస్తాను. జెండా కోసం వెతుక్కోవడం కంటే ఇది త్వరగా అవుతుంది.

రెండో అడుగు: పుచ్చగింజను నొక్కండి

పుచ్చకాయ కోసినప్పుడు తడి గింజ ఒకటి తీసుకోండి. ఒక్క వేలితో పక్క నుంచి తోయండి. వేలు తోసిన వైపే జరుగుతుంది. ఇప్పుడు దాని సన్నటి కొసను బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి గట్టిగా నొక్కండి. గింజ చివ్వున ముందుకు దూసుకుపోతుంది. మీరు నొక్కింది పక్కల నుంచి, అది పోయింది ముందుకి. ముందుకి దాన్ని ఎవరూ తోయలేదు.

తెరచాప పడవ నడిచేది దాదాపు ఇలాగే. ఒక వేలు తెరచాప మీది గాలి. రెండో వేలు పడవ అడుగున ఉన్న పలక మీది నీరు. చిన్న పడవల్లో ఈ పలకను సెంటర్‌బోర్డ్ అంటారు, కావాలంటే పైకి లాగవచ్చు, కిందికి దించవచ్చు. పెద్ద పడవల్లో కదలకుండా ఉండే బరువైన కీల్ ఉంటుంది. గాలి పడవను కొంత ముందుకి, ఎక్కువగా పక్కకి నెడుతుంది. పక్కకి పోనివ్వకుండా నీటిలోని పలక అడ్డుకుంటుంది. ఇక మిగిలిన దారి ముందుకే.

ఇంత చిన్న పలక అంత పెద్ద తెరచాపను ఎలా ఆపుతుందని అనుమానం రావచ్చు. నీరు గాలి కంటే 800 రెట్లకు పైగా సాంద్రమైనది. అందుకే చిన్న పలక చాలు.

ఈ సంగతి నాకు పుస్తకం నేర్పలేదు. ఒకరోజు తొందరలో బోర్డు దించడం మరిచిపోయి తెరచాప లాగాను. పడవ ముక్కు సరిగ్గానే సముద్రం వైపు ఉంది, గాలి బాగుంది, చుక్కాని నా చేతిలోనే ఉంది. కానీ పడవ మాత్రం పీత నడిచినట్టు పక్కకి జరుగుతూ రాతి గోడ వైపు పోతోంది. చుక్కానిని ఎటు తిప్పినా లాభం లేకపోయింది. చివరికి కాళ్ళ దగ్గరున్న బోర్డు కనపడి, దాన్ని కిందికి తోశాను. నాలుగు క్షణాల్లో పడవ పట్టు దొరికినట్టు బిగిసి ముందుకి కదిలింది. ఆ బిగింపు నేను కూర్చున్న చోట కింద స్పష్టంగా తెలిసింది.

మావాడికి ఇది గాలిపటంతో ఇంకా బాగా అర్థమైంది. దారం ఉన్నంతసేపు గాలిపటం గాలిని ఎదిరించి పైకి లేస్తుంది. దారం తెగితే అదే గాలిలో కొట్టుకుపోతుంది. గాలి మారలేదు, పట్టు పోయింది. పడవకు ఆ దారం నీళ్ళలో ఉంటుంది.

మూడో అడుగు: చెంచాను కుళాయి దగ్గర పట్టుకోండి

తెరచాప గాలిని సంచిలా పట్టుకుంటుందనేది రెండో పెద్ద అపోహ. గాలి సరిగ్గా వెనక నుంచి వచ్చినప్పుడు ఇది కొంతవరకు నిజమే. మిగతా వేళల్లో తెరచాప చేసేది గాలిని వంచడం.

కుళాయి సన్నగా తిప్పండి. కింద బకెట్ పెట్టండి, చెన్నైలో నీళ్ళు పారబోయకూడదు. చెంచా కాడను రెండు వేళ్ళతో వదులుగా వేలాడదీసి, ఉబ్బుగా ఉన్న వీపు వైపును ధార దగ్గరికి తీసుకెళ్ళండి. నీరు చెంచాను అవతలికి తోస్తుందనుకుంటారు. తోయదు, లోపలికి లాక్కుంటుంది. చెంచా ధారను వదిలి రానంటుంది. ధార చూడండి: చెంచా వీపును పట్టుకుని పాకి, కింద పక్కకి వంగి పడుతోంది. చెంచా నీటిని ఒక పక్కకి వంచింది, నీరు చెంచాను రెండో పక్కకి లాగింది.

తెరచాప ఉబ్బు వైపున గాలి కూడా ఇలాగే ఒంపును పట్టుకుని తిరుగుతుంది. అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, లోపలి వైపు పెరుగుతుంది. ఆ తేడాయే పడవను లాగే బలం. కొందరు ఒత్తిడి తేడా అంటారు, కొందరు గాలిని వంచడం అంటారు. రెండూ ఒకే పనికి రెండు లెక్కలు. ఇందులో గొడవ పడాల్సింది లేదు.

గొడవ పడాల్సింది మరొకటి ఉంది. గాలి రెండు పాయలుగా చీలి, చివర ఒకేసారి కలుసుకోవాలి కాబట్టి, ఎక్కువ దూరం ఉన్న వైపు వేగంగా పోతుందని ఎందరో పిల్లలకు చెబుతారు. ఇది తప్పు. ఆ రెండు పాయలూ ఒకేసారి కలవాలని ఏ నియమమూ లేదు, నిజంగా కలవవు కూడా. తెరచాపను చూస్తేనే ఈ కథ నిలవదని తెలుస్తుంది. అది పలుచటి గుడ్డ, రెండు వైపులా దూరం దాదాపు ఒకటే. మరి బలం ఎక్కడి నుంచి వచ్చింది? నాకు నచ్చిన ఉపాధ్యాయులు చాలామంది ఈ తప్పు కథే చెప్పారు. అందుకే దీన్ని సరిదిద్దాలని నాకు అంత పట్టుదల.

ఈలోగా మావాడు ఇంకోటి అడిగాడు. "గాలి లేనప్పుడు పడవలో టేబుల్ ఫ్యాన్ పెట్టి తెరచాప మీదికి తిప్పితే?" ఫ్యాన్ గాలిని ముందుకి తోస్తూ తను వెనక్కి నెట్టబడుతుంది. అదే గాలి తెరచాపను ముందుకి నెడుతుంది. ఒకదానికొకటి చాలావరకు సరి. తెరచాప ఆ గాలిని వంచి పూర్తిగా వెనక్కి తిప్పగలిగితే పడవ కాస్త ముందుకి కదులుతుంది. అంత కష్టం బదులు ఫ్యాన్‌నే వెనక్కి తిప్పితే ఇంకా బాగా పోతుంది.

నాలుగో అడుగు: కాగితం మీద గడియారం గీయండి

పన్నెండు నుంచి గాలి వస్తోందనుకోండి. మధ్యలో మీ పడవ. గాలికి ఎటు పక్కనైనా సుమారు 45 డిగ్రీల లోపు, అంటే దాదాపు పదిన్నర నుంచి ఒంటిగంటన్నర దాకా ఉన్న ముక్కలోకి తెరచాప పడవ పోలేదు. ముక్కు అటు పెడితే తెరచాప పటపట కొట్టుకుంటుంది, పడవ ఆగిపోతుంది, కాసేపటికి వెనక్కి కూడా జరుగుతుంది. మిగతా గడియారమంతా మీదే.

మరి సరిగ్గా పన్నెండు దగ్గరున్న చోటికి వెళ్ళాలంటే? తిరుమల కొండ ఎక్కే బస్సును తలుచుకోండి. అది కొండ మీదికి నిట్టనిలువుగా పోదు. ఒక పక్కకి ఏటవాలుగా ఎక్కి, మలుపు తిరిగి, రెండో పక్కకి ఎక్కుతుంది. పడవ కూడా గాలికి 45 డిగ్రీల్లో ఒక పక్కకి పోయి, ముక్కును గాలిలోంచి తిప్పి, రెండో పక్కకి పోతుంది. ఈ తిప్పడాన్నే ట్యాకింగ్ అంటారు. గాలికి ఎదురుగా ఒక కిలోమీటరు చేరాలంటే పడవ సుమారు 1.41 కిలోమీటర్లు నడవాలి. మెరీనాలో మేము చూసిన పడవ చేస్తున్నది ఇదే. మరునాడు వాణ్ణి మళ్ళీ అక్కడే కూర్చోబెట్టి, అరగంట చూడమన్నాను. మూడో మలుపుకి వాడికే తెలిసిపోయింది.

ఐదో అడుగు: బీచ్ రోడ్డులో స్కూటీ నడపండి

వెనక గాలి ఉంటే పడవ అన్నిటికంటే వేగంగా పోతుందనుకుంటాం. ఇది బాగా లోతుగా పాతుకున్న అపోహ. దీని మీద నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది అర్థమైతే సెయిలింగ్ అంతా మారిపోయి కనపడుతుంది.

గాలి లేని పొద్దున స్కూటీ మీద పోతే మొహానికి గాలి కొడుతుంది. ఆ గాలిని తయారు చేసింది మీ వేగమే. సముద్రపు గాలి పక్క నుంచి వీస్తుంటే, ఆ రెండూ కలిసి ఎదురూ పక్కా కాని ఏటవాలు గాలిగా తగులుతాయి. పడవలో తెరచాపకు తగిలేది కూడా ఈ కలిసిన గాలే.

లెక్క చూద్దాం. నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. గాలి 10 నాట్లు, పడవ 6 నాట్లు అనుకుందాం. గాలి సరిగ్గా వెనక నుంచి వస్తే, పడవ గాలి నుంచి పారిపోతున్నట్టే. తెరచాపకు తగిలేది 4 నాట్లే. గాలి బలం వేగం వర్గంతో మారుతుంది, అంటే అందుతున్న బలం 10 నాట్ల గాలిలో ఉండే బలంలో 16 శాతమే. వేగం పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. గాలి వేగాన్ని అందుకునేసరికి ఏమీ మిగలదు.

అదే గాలి సరిగ్గా పక్క నుంచి వస్తే? 10, 6 కలిసి సుమారు 11.7 నాట్ల గాలి అవుతుంది. అసలు గాలి కంటే ఎక్కువ! పడవ నడుస్తున్నందువల్లే గాలి పెరిగింది. దాని దిక్కు కూడా కాస్త ముందుకి జరిగింది. అందుకే చాలా పడవలకు గాలి పక్క నుంచో, కొంచెం వెనక పక్క నుంచో వచ్చినప్పుడే ఎక్కువ వేగం.

నీటి రాపిడి తక్కువగా ఉండే పడవలు ఇలా గాలి కంటే వేగంగా కూడా పోగలవు. 2012 నవంబరులో నమీబియాలోని వాల్విస్ బేలో సెయిల్‌రాకెట్ 2 అనే పడవ 500 మీటర్ల దూరంలో సగటున 65.45 నాట్ల వేగం అందుకుంది, అంటే గంటకు సుమారు 121 కిలోమీటర్లు. ఆనాటి గాలి వేగం అందులో సగం కూడా లేదు. గాలి కంటే వేగంగా పోతే శక్తి ఊరికే పుట్టినట్టు కదా అని వాదించేవాళ్ళున్నారు. ఊరికే పుట్టలేదు. గాలికీ నీటికీ మధ్య వేగంలో తేడా ఉంది. ఆ తేడా ఉన్నంతసేపు రెండింటినీ పట్టుకున్న పడవ దాన్నుంచి పని తీసుకుంటుంది.

ఒక జాగ్రత్త. వెనక గాలిలో పడవ మెత్తగా, చప్పుడు లేకుండా పోతుంది. గాలి తగ్గినట్టనిపిస్తుంది. తగ్గలేదు, మీరు దానితో పాటు పోతున్నారంతే. అప్పుడే ఏమరుపాటు వస్తుంది. ముక్కు కాస్త తప్పితే తెరచాప అడుగున ఉండే బూమ్ అనే అడ్డకర్ర ఒక పక్క నుంచి రెండో పక్కకి ఒక్కసారిగా కొట్టుకొస్తుంది. తల వంచి ఉంచండి.

ఆరో అడుగు: పడవ వంగితే ఏం చేయాలో తెలుసుకోండి

ఫొటోల్లో పడవ బాగా పక్కకి వాలి ఉంటే ఎంత వేగంగా పోతోందో అనుకుంటాం. చిన్న పడవల్లో సాధారణంగా దానికి వ్యతిరేకం. వాలిన పడవలో తెరచాప పైనుంచి గాలి జారిపోతుంది, అడుగున పలక పట్టు తగ్గుతుంది, చుక్కాని బరువెక్కుతుంది. అందుకే అంచు మీద కూర్చుని, పాదాలను పట్టీల్లో ఇరికించి, ఒళ్ళంతా బయటికి వాల్చి పడవను చదునుగా ఉంచుతారు. మన చెన్నై అమ్మాయి నేత్ర కుమనన్ ఒలింపిక్స్‌లో నడిపిన ఐఎల్‌సీఏ 6 పడవలో ఈ పని చేసేది ఒక్క మనిషే. పడవ పొడవు 4.23 మీటర్లు, తెరచాప 5.76 చదరపు మీటర్లు. తొడలు, నడుము మంటలెత్తే పని.

మరి తిరగబడదా? చిన్న పడవ తిరగబడుతుంది, అది మామూలే. లైఫ్ జాకెట్ వేసుకుని, సెంటర్‌బోర్డ్ మీద నిలబడి బరువు వేస్తే మళ్ళీ లేస్తుంది. పెద్ద పడవ కథ వేరు. దాని కీల్ అడుగున సీసమో ఇనుమో ఉంటుంది, ఒక హద్దు దాకా ఎంత వాలితే అంత గట్టిగా వెనక్కి లాగుతుంది. 2018 సెప్టెంబరులో, ఒంటరిగా తెరచాప పడవలో భూమిని చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేసులో, మన నేవీ అధికారి అభిలాష్ టోమీ పడవ హిందూ మహాసముద్రం దక్షిణాన తుపానులో పూర్తిగా దొర్లిపోయింది. స్తంభాలు విరిగాయి, ఆయన నడుముకు పెద్ద దెబ్బ తగిలింది. పడవ మాత్రం తిరిగి నిటారుగా లేచి తేలింది.

గాలి ఎక్కువైతే అంత మంచిదన్నదీ నిజం కాదు. గాలి 8 నుంచి 16 నాట్లయితే బలం నాలుగింతలవుతుంది. 2017 సెప్టెంబరు 10 నుంచి 2018 మే 21 దాకా ఆరుగురు నేవీ మహిళలు ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే తెరచాప పడవలో భూమిని చుట్టి వచ్చారు. వాళ్ళలో విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య ఉన్నారని చెప్పడం నాకు ఎప్పుడూ గర్వంగా ఉంటుంది. అంతంత పడవల్లో కూడా గాలి ముదిరితే తెరచాపను కొంత మడిచి చిన్నది చేయాల్సిందే.

ఏడో అడుగు: తాడు వదలడం నేర్చుకోండి

పడవలో షీట్ అంటే గుడ్డ కాదు, తెరచాపను బిగించే తాడు. ఈ మాట దగ్గర మొదటిరోజు అందరూ తడబడతారు.

తాడు ఎంత గట్టిగా లాగితే అంత వేగం అనుకోవడం కొత్తవాళ్ళ తప్పుల్లో మొదటిది. నాకూ అదే జరిగింది. పెద్ద గాలి ఒకటి వచ్చింది, పడవ వాలింది, నేను టెన్షన్‌లో తాడును రెండు చేతులతో ఇంకా బిగించాను. ట్రైనర్ పక్క పడవలోంచి "విడు! విడు!" అని తమిళంలో అరుస్తున్నారు. మన విడువు, వాళ్ళ విడు ఒకటే మాట. అయినా నా చేతులు వినలేదు. మరుక్షణం నీళ్ళలో ఉన్నాను. తాడు వదిలి ఉంటే తెరచాప జెండాలా రెపరెపలాడి, పడవ తనంతట తనే లేచేది.

సరైన బిగింపు ఇలా దొరుకుతుంది. తెరచాప ముందు అంచు రెపరెపలాడేదాకా తాడు వదలండి. ఆ రెపరెప ఆగేదాకా మాత్రమే లాగండి, ఇంకొక్క బెత్తెడు కూడా వద్దు. తెరచాపకు రెండు వైపులా కుట్టిన చిన్న దారపు పోగులుంటాయి. రెండూ సమాంతరంగా వెనక్కి ఎగురుతుంటే గాలి సరిగ్గా వంగుతున్నట్టు. బయటి పోగు గిరగిరా కొట్టుకుంటుంటే ఎక్కువ బిగించారు, గాలి తెరచాపను వదిలేసింది.

టిల్లర్, అంటే చుక్కానిని తిప్పే కర్ర, దాని సంగతి చిన్నదే. దాన్ని కుడికి తోస్తే పడవ ఎడమకి తిరుగుతుంది. గంటసేపటికి చేతికి అలవాటవుతుంది. బ్రేకులు ఉండవు. ఆగాలంటే తాడు పూర్తిగా వదలండి, లేదా ముక్కును గాలికి ఎదురు తిప్పండి.

నీళ్ళలోకి దిగే ముందు

ఈత రావాలి, వచ్చినా లైఫ్ జాకెట్ తీయకూడదు. చెన్నై హార్బర్‌లో సెయిలింగ్‌కు పాత చరిత్ర ఉంది, రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ 1911 నాటిది. ఎక్కడ నేర్చుకున్నా వెంట రక్షణ పడవ ఉందో లేదో ముందు అడగండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం, వాతావరణ హెచ్చరిక ఉంటే ఆ రోజు ఇంట్లోనే ఉండండి. టోపీకి తాడు కట్టుకోండి.

సెలవులు అయిపోయే ముందు ఆదివారం వాణ్ణి తీసుకెళ్ళాను. ఇద్దరం ఒకే పడవలో, టిల్లర్ నా దగ్గర, తాడు వాడి దగ్గర. గాలి పక్క నుంచి వచ్చేలా ముక్కు పెట్టాను. వాడు తాడు పిడికిలి తెల్లబడేలా బిగించి పట్టుకున్నాడు. పడవ వాలింది గానీ కదలిక మందంగానే ఉంది.

"నాన్నా, కొంచెం వదులు."

వాడు భయంభయంగా ఒక జానెడు వదిలాడు. తెరచాప ముందు అంచు ఒకసారి వణికి ఆగింది. బయటి పోగు సాఫీగా వెనక్కి వాలింది. పడవ చదునై, అడుగున నీళ్ళ చప్పుడు గలగల నుంచి సన్నటి ఈలలా మారింది. వాడు నా వైపు తిరిగి, "పిన్నీ, వదిలితే వేగం పెరిగింది!" అని అరిచి, ఇంకో రెండు వేళ్ళ మేర తాడు వదిలి చూశాడు.